పాకంలో మిగిలిన నీళ్లు

పల్లీ పట్టికి కావలసినవి రెండే: వేరుశనగ గుళ్లు, బెల్లం. ఓవెన్ అక్కర్లేదు. మైదా, గుడ్డు, వెన్న ఏవీ అక్కర్లేదు. అడుగు మందంగా ఉన్న మూకుడు, ఓ గరిటె, నెయ్యి రాసిన పళ్లెం, అరగంట తీరిక ఉంటే పిల్లలు బడి నుంచి వచ్చేసరికి మిఠాయి సిద్ధం. ఇంత తేలికైన వంటే చాలామందిని తిప్పలు పెడుతుంది. అదే కొట్లో బెల్లం, అదే పొయ్యి, అవే చేతులు. సంక్రాంతికి చేసిన పట్టి టక్కున విరిగింది. శ్రావణంలో చేసింది పళ్లకు పట్టుకుని వదల్లేదు. పోనీ బెల్లం మాని పంచదారతో చేద్దామనుకుంటే పాకం కాస్తా మూకుట్లోనే పలుకులు కట్టి రవ్వయిపోయింది.

అంతా చేతి మహిమ అని సరిపెట్టుకుంటాం. అది అబద్ధమేమీ కాదు. చేయి తిరిగినవాళ్లు పాకాన్ని చూసి, తాకి, దాని చప్పుడు విని ఒకే ఒక్క సంగతి కనిపెడతారు: అందులో ఇంకా ఎన్ని నీళ్లు మిగిలాయి? అరిసె మెత్తగా ఉండటానికీ, మరమరాల ఉండ గట్టిపడటానికీ, పట్టి పెళుసుగా విరగడానికీ మూలం ఆ లెక్కే. మిఠాయి చేయడమంటే తీపి కలపడం అనుకుంటాం గానీ, నిజానికి అది నీళ్లను సాగనంపే పని. ఎక్కడ ఆపామన్నదే అసలు విద్య.

మరిగేది బెల్లం కాదు, నీళ్లు

మూకుట్లో అర కిలో పంచదార, అర లీటరు నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టామనుకుందాం. లెక్క తేలికగా ఉంటుందని ముందు పంచదార తీసుకుంటున్నాను, బెల్లం సంగతి తర్వాత చూద్దాం. మంచినీళ్లయితే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. ఎంత మంట పెట్టినా ఆఖరి చుక్క ఆవిరయ్యే దాకా ఆ వేడి దాటవు. పంచదార కలిసిన నీళ్ల తీరు వేరు. ఆవిరై ఎగిరిపోయేవి నీటి అణువులే, పంచదార అణువులు కదలవు. పైగా అవి చుట్టూ ఉన్న నీటి అణువులను పట్టి ఉంచుతాయి. వాటి పట్టు విడిపించుకుని నీరు బయట పడాలంటే ఇంకాస్త వేడి కావాలి. అందుకే పాకం 100 దాటాక మరుగుతుంది. నీళ్లు తగ్గుతున్నకొద్దీ మిగిలిన నీటి చుట్టూ పంచదార పట్టు బిగుస్తుంది, మరిగే వేడి పెరుగుతుంది. అంటే మరుగుతున్న పాకం వేడి తెలిస్తే అందులో నీరెంతో తెలిసినట్టే.

ఇప్పుడు మన అర కిలో పంచదారకు ఈ లెక్క కడదాం. సగం నీళ్లు పోయి పావు లీటరు మిగిలేసరికి, అంటే బోలెడంత ఆవిరి ఎగిరి వంటిల్లంతా చెమ్మగిల్లేసరికి, వేడి పెరిగేది రెండు మూడు డిగ్రీలే. పాకం 112 నుంచి 116 డిగ్రీల మధ్యకు వచ్చేటప్పటికి అందులో సుమారు 85 శాతం పంచదార ఉంటుంది. నీళ్లు 88 గ్రాములు. అరిసెల పాకం దాదాపు ఇక్కడే. 95 శాతం అయ్యేసరికి నీళ్లు 26 గ్రాములు. 99 శాతానికి 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు. పంచదారతో చేసే పట్టి, గాజులా మెరిసే బిళ్లలు ఈ చివర్లో ఉంటాయి. అరిసె మెత్తదనానికీ పట్టి పెళుసుదనానికీ మధ్య ఉన్నది 80 గ్రాముల నీళ్లు. చిన్న టీ గ్లాసు కూడా నిండదు.

ఈ లెక్కలోనే ఇంకో కీలకం ఉంది. మొదట్లో పావు లీటరు నీరు పోతే మూడు డిగ్రీలు పెరిగింది. చివర్లో నాలుగు చెంచాల నీరు పోతే పది డిగ్రీలు దాటి పెరుగుతుంది. చాలాసేపు ఏమీ జరగనట్టుండి ఆఖరి రెండు నిమిషాల్లో పాకం ఒక్కసారిగా ముదిరిపోవడానికి కారణం ఇదే. సన్నగా, చురుగ్గా వచ్చే నురగ బుడగలు పోయి, పెద్దవిగా, బద్ధకంగా పైకి లేచి చప్పుడు చేస్తూ పగిలే బుడగలు మొదలైతే ఆ మలుపుకు వచ్చామన్నమాట. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా అప్పుడు పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. కదలక తప్పకపోతే మంట ఆపి వెళ్లాలి.

పళ్లెంలో నీళ్ల పరీక్ష

మన ఇళ్లలో పాకం చూసే పద్ధతి అందరికీ తెలిసిందే. చిన్న పళ్లెంలో చన్నీళ్లు పోసి గరిటె చివరి నుంచి ఒక చుక్క పాకం వేస్తాం. కొద్ది క్షణాలు ఆగి వేళ్లతో దగ్గరికి తీస్తాం. ఈ పరీక్ష వేడిని కొలవదు. ఈ పాకం చల్లారాక ఎలా ఉండబోతోందో ముందే చూపిస్తుంది. నీళ్లలో పడ్డ చుక్క క్షణాల్లో గది వేడికి దిగిపోతుంది. మూకుట్లో ఉన్న పాకమంతా ఓ గంట తర్వాత ఎలా ఉంటుందో ఆ చుక్క ఇప్పుడే అలా తయారవుతుంది.

---
పళ్లెంలో ఏం కనిపిస్తుంది?

తీగ పాకం (104 నుంచి 110 డిగ్రీలు): నీళ్లలో వేస్తే చుక్క నిలవదు, కరిగి పరుచుకుంటుంది. అందుకే దీన్ని వేళ్ల మధ్య సాగదీసి చూస్తారు. బూందీ లడ్డు, కాజాల వంటి వాటికి.

మెత్తటి ఉండ పాకం (112 నుంచి 116): నీళ్లలో చుక్క నిలుస్తుంది. వేళ్లతో దగ్గరికి తీస్తే ఉండ అవుతుంది, బయటికి తీస్తే అణగిపోతుంది. అరిసెలకు.

గట్టి ఉండ పాకం (120 నుంచి 130): ఉండ చేసి పళ్లెం మీద వేస్తే టంగుమంటుంది. నొక్కితే కొద్దిగా లొంగుతుంది. మరమరాల ఉండలు, నువ్వుల ఉండలు, పప్పుండలకు.

ముదురు పాకం (140 నుంచి 150): నీళ్లలో పడగానే తీగలుగా, రేకులుగా బిగుసుకుంటుంది. తీసి వంచితే వంగదు, టక్కున విరుగుతుంది. కొరికితే పంటికి అంటదు. పల్లీ పట్టి, నువ్వుల పట్టికి.

అంకెలన్నీ పంచదార పాకానివి, సుమారుగా చెప్పినవి.
---

మిఠాయి థర్మామీటర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతున్నాయి. ఒకటి కొనుక్కుంటే తప్పేమీ లేదు. కానీ బెల్లం వంటలకు నేను పళ్లేన్నే నమ్మమంటాను. దీనికి రెండు కారణాలున్నాయి. పుస్తకాల్లో కనిపించే డిగ్రీలన్నీ శుద్ధమైన పంచదారకు కట్టినవి. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్, ఖనిజ లవణాలు, కొంత చెమ్మ ఉంటాయి. అవి చెరకును బట్టి, నేలను బట్టి, గానుగ దగ్గర కాచిన తీరును బట్టి మారతాయి. అనకాపల్లి బెల్లానికి కుదిరిన అంకె కామారెడ్డి బెల్లానికి కుదరకపోవచ్చు. రెండోది, ఊరి ఎత్తు. సముద్ర మట్టం నుంచి సుమారు 300 మీటర్లు పైకి వెళ్తే నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. కాకినాడలో 100 దగ్గర మరిగే నీళ్లు హైదరాబాద్‌లో 98 దగ్గరే మరుగుతాయి. 900 మీటర్ల ఎత్తున్న అరకులో 97కే. పాకం అంకెలు కూడా ఆ మేరకు దిగుతాయి. థర్మామీటర్‌ను నమ్ముకున్నవాళ్లు ముందు ఉత్త నీళ్లు మరిగించి, వందకు ఎన్ని డిగ్రీలు తక్కువ చూపిస్తుందో తెలుసుకుని, ప్రతి అంకెలోంచీ అంత తీసేయాలి. పళ్లెంలో చుక్కకు ఈ దిద్దుబాటు అక్కర్లేదు. అరకులో విరిగిన చుక్క కాకినాడలో విరిగిన చుక్కలాంటిదే.

థర్మామీటర్ ఏ వంటింట్లోనూ లేని రోజుల్లో, మనకు కావలసిన గుణాన్నే నేరుగా పరీక్షించే పద్ధతిని కనిపెట్టినవాళ్ల బుద్ధికి నాకు ఎంతో గౌరవం. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. చుక్క పరీక్షిస్తున్నంతసేపూ మూకుట్లో పాకం ముదురుతూనే ఉంటుంది. కాబట్టి మంట పూర్తిగా తగ్గించి, లేదా ఆపేసి చూడాలి.

పలుకా, గాజా?

నీళ్లు పోయాయి. ఇప్పుడు పంచదార అణువుల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, వరసలు కట్టి స్ఫటికాలుగా మారడం. మనం పలుకు అనేది దాన్నే. రెండోది, ఎక్కడివక్కడే బిగుసుకుపోవడం. కిటికీ అద్దంలో అణువులు ఉన్నట్టు, వరస లేకుండా ఘనమైపోవడం. దీన్నే శాస్త్రవేత్తలు గాజు స్థితి అంటారు. పెళుసైన పట్టి అచ్చంగా పంచదార గాజు.

పెళ్లి భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. అతిథులు నింపాదిగా వచ్చి, చోటు చూసుకుని, ఒకరి పక్కన ఒకరు కూర్చుంటే వరస చక్కగా కుదురుతుంది. అదే జనమంతా ఒక్కసారిగా గుమ్మంలో తోసుకొచ్చిన క్షణాన ఎవరూ కదలలేని ఇరుకైతే, ఎవరు ఎటు తిరిగి ఉన్నారో అటే నిలబడిపోతారు. పంచదార అణువులదీ అదే కథ. చల్లారడానికి తీరిక, కదలడానికి చోటు ఉంటే వరస కడతాయి. చిక్కటి పాకం చల్లటి పళ్లెం మీద పలచగా పరుచుకుని గబగబా చల్లారితే, వరస వెతుక్కునే లోపే కదలిక ఆగిపోతుంది. ఇక బంతిలో కొందరు మొదటే కూర్చుని ఉంటే వచ్చినవాళ్లంతా వాళ్ల పక్కన చేరతారు. మూకుడు అంచుకు అంటుకున్న కరగని పంచదార రేణువు ఆ మొదటి అతిథి. పాకంలో అది ఒక్కటి పడితే చాలు, దాని చుట్టూ వరసలు మొదలై చూస్తుండగానే మూకుడంతా రవ్వవుతుంది. గరిటెతో అదేపనిగా తిప్పడమూ అణువులను ఒకదానికొకటి ఎదురుపడేలా చేసి ఆ పనినే తొందరపెడుతుంది. అందుకే పంచదార పూర్తిగా కరిగాక కలపకూడదు. అంచులకు అంటిన రేణువులను తడి గుడ్డతో తుడిచేయాలి.

బెల్లం పాకం ఇంత సులువుగా పలుకు కట్టదు. కారణం అందులో ఉన్న ఇతర చక్కెరలే. మనం వాడే పంచదార అణువు, అంటే సుక్రోజ్, ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ కలిసిన జంట. చెరకు రసం పుల్లదనానికీ, కాపు వేడికీ ఆ జంటలు కొన్ని విడిపోతాయి. విడిపోయినవి ఆకారంలో వేరు కాబట్టి సుక్రోజ్ వరసలో ఇమడవు. బంతి మధ్యలో అడ్డంగా కూర్చున్న అతిథుల్లా వరసను తెంచేస్తాయి. మొదటిసారి చేసేవాళ్లను బెల్లంతోనే మొదలుపెట్టమనేది అందుకే.

---
నిమ్మరసం ఎందుకు?

పంచదార పాకంలో అర చెంచా నిమ్మరసం పిండమంటారు. మురికి విరిగి పైకి తేలడానికని కొందరు, రుచికని కొందరు చెబుతారు. పాకానికి అది చేసే పెద్ద మేలు వేరే ఉంది. నిమ్మలోని ఆమ్లం, పాకం వేడి కలిసి సుక్రోజ్ జంటల్ని కొన్నింటిని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడదీస్తాయి. బెల్లంలో ముందే ఉన్న అడ్డుపుల్లల్ని పంచదార పాకంలో మనం అప్పటికప్పుడు తయారు చేసుకుంటున్నామన్నమాట. ఎక్కువ పిండితే మాత్రం ఎదురు తిరుగుతుంది. విడిపోయిన చక్కెరలు మరీ ఎక్కువైతే మిఠాయి గాలిలో చెమ్మ పీల్చి జిగురవుతుంది.
---

పలుకు కట్టడం ఎప్పుడూ చెడ్డదేనా? కాదు. సంక్రాంతికి, శుభకార్యాలకు పోసే పంచదార చిలకలు పలుకు కట్టాల్సిందే. లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి కాబట్టే అవి తెల్లగా కనిపిస్తాయి. పటికబెల్లానిది ఇంకో తీరు. చిక్కటి పాకంలో దారాలు వేలాడదీసి రోజుల తరబడి కదపకుండా వదిలేస్తే, తీరికగా పెరిగిన పెద్ద స్ఫటికాలు వస్తాయి. పీచు మిఠాయి దీనికి పూర్తిగా వ్యతిరేకం. కరిగిన పంచదారను గిర్రున తిప్పి సన్నటి రంధ్రాల్లోంచి గాలిలోకి విసిరితే దారమై అక్కడికక్కడే చల్లారిపోతుంది. వరస కట్టే వ్యవధే లేదు, అదంతా గాజు దారమే. ఆ యంత్రాన్ని 1897లో రూపొందించిన ఇద్దరిలో ఒకరైన విలియం మారిసన్ అమెరికాలోని నాష్‌విల్‌కు చెందిన పళ్ల డాక్టరు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని జనానికి అమ్మారు.

ఇక పొయ్యి దగ్గరికి

పావు కిలో వేరుశనగ గుళ్లకు రెండు వందల గ్రాముల బెల్లం సరిపోతుంది. తీపి ఎక్కువ కావాలనుకుంటే సమానంగా వేసుకోవచ్చు.

గుళ్లను సన్నటి మంట మీద నింపాదిగా వేయించాలి. పెద్ద మంట మీద పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. ఆ పచ్చి గింజలో మిగిలిన చెమ్మ తర్వాత పాకంలోకి ఊరి పట్టిని మెత్తబరుస్తుంది. నీళ్లు దిగబడే దారి ఇదొకటి ఉందని చాలామంది గమనించరు. చల్లారాక పొట్టు నలిపి, చెరిగి, బద్దలుగా విడదీస్తే మంచిది. చదునుగా ఉండే బద్ద పాకాన్ని బాగా పట్టుకుంటుంది. పట్టిలో గింజలు ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా పడతాయి.

బెల్లాన్ని తరిగి, మునిగీ మునగనన్ని నీళ్లతో కరిగించి వడకట్టాలి. బెల్లంలో ఇసక, చెరకు పీచు సహజమే. ఎక్కువ నీళ్లు పోసినా పట్టి చెడదు, అవి పోయేదాకా మనం నిలబడాలంతే. లేత పసుపు రంగులో మెరిసిపోయే బెల్లం చూసి మోజుపడవద్దు. తెల్లబరచడానికి కొన్నిచోట్ల హైడ్రోస్ అనే గంధకపు రసాయనం కలుపుతారు. ముదురు గోధుమ రంగు బెల్లమే నయం.

ఇప్పుడు మధ్యస్థమైన మంట మీద పాకం కాయాలి. ఉండ పాకం దాటాక మంట తగ్గించాలి. బెల్లం విషయంలో ఇది తప్పనిసరి. పంచదార 160 డిగ్రీలు దాటాక గానీ రంగు మారి కమలడం మొదలుపెట్టదు. బెల్లంలోని ఫ్రక్టోజ్, చెరకు రసం నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు అంతకంటే చాలా ముందే రంగు మారతాయి. ముదురు పాకానికీ మాడిన పాకానికీ మధ్య ఎడం బెల్లంలో తక్కువ. చుక్క విరగగానే దించేయాలి, ఇంకొంచెం చూద్దామనుకోకూడదు.

దించే ముందు చిటికెడు వంట సోడా వేస్తే పాకం పొంగి రంగు తేలుతుంది. వేడికి సోడా విడిపోయి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఆ వాయువు చిన్న బుడగలై పాకంలో చిక్కుకుంటుంది. బుడగలున్న గాజు పలచటి గోడల సముదాయం కాబట్టి పంటి కింద తేలిగ్గా నలుగుతుంది. చిటికెడు మించితే చేదు, సబ్బు వాసన. ఓ చెంచా నెయ్యి వేసి, గోరువెచ్చగా ఉన్న గుళ్లు కలపాలి. చల్లటి గుళ్లు పోస్తే వాటిని తాకిన పాకం వెంటనే బిగుసుకుని సరిగ్గా కలవదు.

కలిపిన వెంటనే నెయ్యి రాసిన పళ్లెం మీదో, రాతి పలక మీదో గుమ్మరించి, నెయ్యి రాసిన అప్పడాల కర్రతో వత్తి, వేడి మీదే చాకుతో గాట్లు పెట్టేయాలి. ఇక్కడ మనకున్న వ్యవధి ఒకటి రెండు నిమిషాలే. వేడిగా ఉన్నప్పుడు పాకం లాగితే సాగే ద్రవం. చల్లారుతూ ఒక హద్దు దాటగానే పెళుసైన గాజు. ఆ హద్దు దాటాక కోయబోతే చాకు చెప్పినచోట కాక దానికి తోచినచోట విరుగుతుంది. ఉండలు కట్టేవాళ్ల ఆరాటమూ ఇదే. అందుకే నువ్వుల ఉండలకు పాకాన్ని ముదురు దాకా పోనివ్వరు. గట్టి ఉండ పాకం దగ్గర ఆపితే మిగిలిన కాసిన్ని నీళ్లు చేతికి మరో నిమిషం వ్యవధి ఇస్తాయి.

పిల్లలతో కలిసి చేసేవాళ్లకు ఒక మాట. గుళ్లు పొట్టు తీయడం, చెరగడం, గాట్లు పడ్డ పట్టిని విరవడం వాళ్లకు అప్పగించండి. పాకం దగ్గరికి మాత్రం రానివ్వకండి. అది మరిగే నీళ్ల కంటే నలభై యాభై డిగ్రీలు ఎక్కువ వేడి, పైగా చర్మానికి అతుక్కుని జారిపోదు. మీద పడితే వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పారనివ్వాలి. టూత్‌పేస్టు, పసుపు, ఐసు పెట్టకూడదు. గాయం పెద్దదైతే డాక్టరు దగ్గరికే.

---
గింజ సంగతి

చెమ్మ తగిలిన వేరుశనగ మీద ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఇది కాలేయానికి చేటు. వేయిస్తే పూర్తిగా పోదు. వేరుశనగలో ఈ బెడద మీద హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ దశాబ్దాలుగా పని చేస్తోంది. ఇంట్లో మనం చేయగలిగింది చిన్న పనే అయినా విలువైనది: ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి, చేదు గింజలు ఏరి పారేయడం. పాకంలో పడ్డాక వాటిని గుర్తించలేం.
---

లాగిన పాకం

తిరునాళ్లలో, జాతరల్లో అమ్మే జీళ్ల తయారీ చూసినవాళ్లు మర్చిపోరు. ఉండ పాకం దాటిన బెల్లం ముద్దను వేడి వేడిగా గుంజకు కొట్టిన మేకుకు తగిలించి, లాగి, మడిచి, మళ్లీ తగిలించి లాగుతారు. మొదట నల్లగా నిగనిగలాడే ముద్ద లాగుతున్నకొద్దీ రంగు తేలి పాలిపోతుంది. రంగేమీ కలపలేదు. ప్రతి మడతలోనూ కాస్త గాలి చిక్కుకుంటుంది, మళ్లీ లాగినప్పుడు ఆ బుడగ సన్నటి గొట్టమై సాగుతుంది. అలా వేలకొద్దీ గాలి పోగులు వెలుగును చెదరగొట్టి లేత రంగు తెస్తాయి. పంటికి తగిలే తేలికదనమూ వాటిదే.

పొయ్యి వెలిగించకుండా

ఇంతకంటే తేలికైన మిఠాయిలు మనకున్నాయి, వాటిలో పాకమే లేదు. నాగుల చవితికి చేసే చిమ్మిలి చూడండి. నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచడమే, నిప్పుతో పని లేదు. నువ్వు బరువులో దాదాపు సగం నూనె. దంచుతుంటే ఆ నూనె బయటపడి బెల్లం పొడిని, నువ్వుల పిండిని పట్టి ముద్ద చేస్తుంది. నీరు పోయని వంట కాబట్టి నీరు పోగొట్టే పనే లేదు. చిన్నపిల్లలతో చేయించదగిన మొదటి మిఠాయి ఇదేనని నా అభిప్రాయం.

సున్నుండల్లో ఆ పని నెయ్యిది. మినుములు వేయించడానికి పొయ్యి కావాలి గానీ పాకం పట్టక్కర్లేదు. కరిగిన నెయ్యి పిండి రేణువుల మధ్య చేరి, చల్లారాక గడ్డకట్టి ఉండను నిలబెడుతుంది. నెయ్యి ముప్పై డిగ్రీలు దాటితే కరగడం మొదలవుతుంది కాబట్టి డిసెంబరులో రాయిలా నిలిచే సున్నుండ మేలో చేతిలోనే చితికిపోతుంది.

వానాకాలం పట్టి

పట్టిని గాజు అన్నాం కదా. గాజు మెత్తబడే వేడి ఒకటుంటుంది. పూర్తిగా ఎండిన సుక్రోజ్ గాజుకు అది 60 నుంచి 70 డిగ్రీల మధ్య. మన ఎండలు అంతదాకా రావు కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చనిపిస్తుంది. కానీ అందులో నీరు చేరినకొద్దీ ఆ హద్దు దిగజారుతుంది. మూడు నాలుగు శాతం నీరుంటే గది వేడికి దగ్గరగా వచ్చేస్తుంది. అప్పుడిక పట్టి పైకి గట్టిగానే కనిపిస్తున్నా లోపల అణువులు మెల్లగా కదలడం మొదలుపెడతాయి, పైన జిగురు తేలుతుంది. బెల్లం పట్టికి ఈ బెడద ఇంకా ఎక్కువ. గ్లూకోజ్ గాజు 31 డిగ్రీల దగ్గర, ఫ్రక్టోజ్ గాజు 5 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. పైగా ఫ్రక్టోజ్‌కు గాలిలో చెమ్మను లాక్కునే గుణం మెండు. పాకం పలుకు కట్టకుండా కాపాడిన ఆ చక్కెరలే నిలవ దగ్గర ఇబ్బంది పెడతాయి.

శ్రావణంలో చేసిన పట్టి పళ్లకు అంటుకున్న సంగతి ఇదీ. పాకం ఒకే పదునులో దించినా, పళ్లెంలో ఆరుతున్నంతసేపూ తడి గాలి నుంచి నీళ్లు తిరిగి లోపలికి చేరాయి. విశాఖ, కాకినాడ, బందరు వంటి తీరపు ఊళ్లలో ఉండేవాళ్లు వానాకాలంలో పట్టిని ఇంకాస్త ముదురుగా దించి, ముక్కలు చల్లారీ చల్లారగానే మూత బిగువైన డబ్బాలో పెట్టాలి. వేడిగా పెడితే మూత కింద ఆవిరి చుక్కలు కడుతుంది. ముక్కల మధ్య బటర్ పేపరు వేస్తే అతుక్కోవు. ఫ్రిజ్ జోలికి పోవద్దు. బయటికి తీయగానే చల్లటి ముక్క మీద గాలిలోని చెమ్మ నీరై కూర్చుంటుంది. అనంతపురంలో, మహబూబ్‌నగర్‌లో పొడి గాలి ఉన్న నెలల్లో ఇంత పట్టింపు అక్కర్లేదు.

తప్పితే ఏం చేయాలి?

నీళ్ల లెక్క అర్థమైతే చెడిన మిఠాయిని బాగుచేయడమూ చేతనవుతుంది. పాకం పలుకు కట్టిందా? అందులో మళ్లీ నీళ్లు పోసి, స్ఫటికాలన్నీ కరిగించి, నిమ్మరసం పిండి మొదటి నుంచి కాయండి, ఏమీ పోలేదు. పట్టి మెత్తగా, జిగురుగా వచ్చిందా? ముక్కలను అడుగు మందమున్న మూకుట్లో వేసి సన్నటి మంట మీద కలుపుతూ మిగిలిన నీళ్లను పోగొట్టి, చుక్క విరిగేదాకా ఉంచి మళ్లీ వత్తండి. గుళ్లు కాస్త రంగు మారతాయంతే. పాకం ముదిరి గడ్డకట్టిందా? కొద్దిగా నీళ్లు చిలకరించి వేడి చేస్తే లేత పడుతుంది. ఈ మూడింటిలోనూ మారింది నీళ్ల పాళ్లు, అణువుల అమరికే. అణువులు అవే ఉన్నాయి. మాడిన పాకం సంగతి అలా కాదు. అక్కడ చక్కెర అణువులే ముక్కలై కొత్త చేదు పదార్థాలుగా మారిపోయాయి. నీళ్లు పోసినా, బెల్లం కలిపినా అవి వెనక్కి రావు. దాన్ని పారబోసి, మూకుడు నానబెట్టి, ఇంకో అచ్చు బెల్లం తరగడం మొదలుపెట్టాల్సిందే.